మజిలీ మజిలీకీ లెక్క ఉండాలి

(కొండ ప్రాంతపు, కొండ దిగువ సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సమాఖ్య విస్తరణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పశుగ్రాసం గురించి, గాలికుంటు టీకాల గురించి, పాల నాణ్యత గురించి ఇంతవరకు మాట్లాడుకున్నాం. ఇప్పుడు పిల్లల చదువు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాం. పాల సంఘానికి చదువుతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. కానీ రేపు మన సంఘంలో పాలు పరీక్షించేది, కంప్యూటరులో లెక్క రాసేది, పశువుకు సూది వేసేది, బ్యాంకులో మన తరఫున మాట్లాడేది ఈ పిల్లలే. వాళ్లు చదువు మధ్యలో ఆగిపోతే, ఆ పనులకు ఎప్పటిలాగే బయటివారి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. విద్య, శిక్షణ, సమాచారం అనేవి సహకార సూత్రాలలో ఒకటని అంతర్జాతీయ సహకార కూటమి 1995లో మరోసారి ప్రకటించింది. కనుక ఇది మన పనే.

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. ఈ పదకొండు మండలాలు ఒకప్పటి విశాఖ ఏజెన్సీ. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ అందులో చేరాయి. ఈ గూడేల నుంచి బడికి వెళ్లిన పిల్లలలో ఎందరు డిగ్రీ పట్టా చేతపట్టుకొని తిరిగి వస్తున్నారు? తక్కినవారు ఎక్కడ ఆగిపోతున్నారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుకు వచ్చిన దూరం, మిగిలిన దూరం

ముందుగా సాధించినదాన్ని ఒప్పుకోవాలి. 1961 జనాభా లెక్కల నాటికి దేశం మొత్తం మీద గిరిజనుల్లో అక్షరాస్యులు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. 2011 నాటికి ఆ సంఖ్య 59కి చేరింది. ఇది చిన్న విషయం కాదు. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, స్కాలర్‌షిప్పులు, వాగులు దాటి కొండెక్కి వచ్చి పాఠం చెప్పిన ఉపాధ్యాయులు, అందరి కష్టమూ ఇందులో ఉంది.

అయితే 2011లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం అక్షరాస్యత 67 శాతం ఉండగా గిరిజనులలో 49 శాతమే ఉంది. గిరిజన స్త్రీలలో అది 40 శాతం దగ్గర ఆగింది. పై చదువులకు వచ్చేసరికి, అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021–22 ప్రకారం 18 నుంచి 23 ఏళ్ల వయసు వారి జనాభాతో పోల్చి చూస్తే కాలేజీల్లో నమోదు దేశం మొత్తం మీద 28.4 శాతం, గిరిజనులలో 21.2 శాతం. ఈ అంకె చేరినవారి లెక్క మాత్రమేనని గమనించాలి. పూర్తి చేసినవారి లెక్క ఇది కాదు. కాలేజీలో పేరు రాయించుకోవడం వేరు, పట్టా పుచ్చుకోవడం వేరు.

శాతాలు ఎలా మోసపుచ్చుతాయి

మన కేంద్రంలో ఉదయం పోసిన పాలు ఎన్నిసార్లు చేతులు మారతాయో మీకు తెలుసు. కేంద్రంలో కొలత, శీతలీకరణ కేంద్రంలో కొలత, డెయిరీలో మళ్లీ కొలత. ట్రక్ షీటులో రాసిన లీటర్లకు, అక్కడ దింపుకున్న లీటర్లకు తేడా వస్తే ఆ రోజే ఫోను వస్తుంది. ఆ లోటు ఎవరి దగ్గర వచ్చిందో తేలేదాకా కార్యదర్శికి నిద్ర ఉండదు. పాలు పోయేది ఎక్కువగా చేతులు మారే చోటేనని మనకు అనుభవం నేర్పింది.

పిల్లల చదువులో ఇలాంటి కొలత లేదు. ప్రతి సంస్థా తన దగ్గర ఉన్న పిల్లలను మాత్రమే లెక్కపెట్టుకుంటుంది. హైస్కూలు తన పదో తరగతి ఉత్తీర్ణత శాతం చెబుతుంది. అది పరీక్షకు కూర్చున్న వారిలో పాసైన వారి శాతం. తొమ్మిదో తరగతిలోనే మానేసిన పిల్ల ఆ లెక్కలోకి రాదు. జూనియర్ కాలేజీ తన ఫలితం చెబుతుంది. పది పాసై ఇంటర్‌లో చేరకుండా ఇంట్లో ఉన్న పిల్లవాడు అక్కడా కనబడడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అయినా పిల్లవాడు మాత్రం పోయాడు.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. గూడెం బడి నుంచి డిగ్రీ పట్టా దాకా అయిదు మజిలీలు ఉన్నాయనుకుందాం. అయిదు నుంచి ఆరో తరగతికి వెళ్లడం ఒకటి. పదో తరగతి గట్టెక్కడం రెండు. ఇంటర్‌లో చేరడం మూడు. ఇంటర్ పాసై డిగ్రీలో చేరడం నాలుగు. డిగ్రీ పూర్తి చేయడం అయిదు. ప్రతి మజిలీలోను నూటికి 80 మంది దాటారనుకుందాం. ప్రతి సంస్థా 80 శాతం ఫలితం అని సంతోషంగా ప్రకటించుకుంటుంది. కానీ బయలుదేరిన 100 మందిలో మొదటి మజిలీ తర్వాత 80, రెండో మజిలీ తర్వాత 64, మూడోదాని తర్వాత 51, నాలుగోదాని తర్వాత 41, చివరికి మిగిలేది 33 మంది మాత్రమే. అందరూ బాగానే పనిచేశారు, మూడింట రెండు వంతుల పిల్లలు దారిలో ఆగిపోయారు.

ఇదే లెక్కలో ప్రతి మజిలీలోను 80కి బదులు 90 మంది దాటితే చివరికి 59 మంది మిగులుతారు. అంటే మజిలీకి నూటికి పదిమందిని అదనంగా ఆదుకోగలిగితే చివరికి పట్టాలు ఇంచుమించు రెట్టింపు అవుతాయి. ఇవి ఉదాహరణ కోసం వేసిన అంకెలే గాని ఏ మండలానికీ చెందినవి కావు. కానీ లెక్క తీరు మాత్రం నిజం. ఏదో ఒక్క చోట పెద్ద అద్భుతం చేయనవసరం లేదు. ప్రతి మజిలీ దగ్గరా కొద్దిమందిని జారిపోకుండా పట్టుకుంటే చాలు. ఇక ఆ మజిలీలను ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి మజిలీ: గూడెం దాటి వెళ్లడం

చిన్న గూడేల్లో బడి అయిదో తరగతితో ముగుస్తుంది. చాలాచోట్ల టీచరు ఒక్కరే. ఆరో తరగతికి వేరే ఊళ్లోని ఆశ్రమ పాఠశాలకో, గురుకులానికో, ఏకలవ్య పాఠశాలకో వెళ్లాలి. బళ్లు తెరిచేది జూన్ రెండో వారంలో. తొలకరి పడి దుక్కులు మొదలయ్యేదీ అప్పుడే. తండ్రి పొలం వదిలి, టి.సి., ఆధార్, కుల ధ్రువపత్రం పట్టుకొని, పిల్లవాడిని వెంటబెట్టుకొని వెళ్లాలంటే ఒకటి రెండు రోజుల పని పోతుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగా నెల గడుస్తుంది. ఆ ఏడు తప్పిన పిల్లవాడు మరుసటి ఏడు పశువుల వెంట ఉంటాడు.

రెండో చిక్కు భాషది. కోదుల ఇంట కువి, మరికొన్ని ఇళ్లలో ఆదివాసీ ఒరియా, గదబల, పోర్జల ఇళ్లలో వారి వారి మాటలు. ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు తెలుగే కొత్త భాష. టీచరు చెప్పేది అర్థం కాక నోరు మెదపకుండా కూర్చున్న పిల్లవాడికి మందమతి అని పేరు పడుతుంది. ఈ సంగతి మన పెద్దలు ఏనాడో గ్రహించారు. పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకొని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన సవర నిఘంటువు 1938లో వెలువడింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర, కోయ మొదలైన ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల బోధన ప్రారంభించారు. కనీసం అయిదో తరగతి దాకా వీలైనంత వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. పునాదిలో భాష గట్టిపడితే పై మజిలీలన్నీ తేలికవుతాయి.

రెండో మజిలీ: పదో తరగతి

పదో తరగతి పరీక్షలు మార్చిలో జరుగుతాయి. దానికి ముందు వచ్చేది సంక్రాంతి. కొండ మీద అది కాఫీ పండ్ల కోత కాలం కూడా. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడి రెండు చేతులూ ఆ రోజుల్లో ఇంటికి ఎంతో అవసరం. సెలవులు అయిపోయినా నాలుగు రోజులు, తర్వాత మరో వారం ఉండిపోతాడు. పరీక్షకు ముందు జనవరి, ఫిబ్రవరి నెలల్లో పోయిన ఒక్కొక్క వారమూ ఖరీదైనదే.

పరీక్ష తప్పినంత మాత్రాన చదువు ముగిసినట్టు కాదు. సప్లిమెంటరీ పరీక్ష ఉంది. అందులో పాసైతే అదే ఏడు ఇంటర్‌లో చేరవచ్చు. కానీ ఫలితాలు వచ్చాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అప్పటికి పిల్లవాడు హాస్టల్లో లేడు, గూడెంలో ఉన్నాడు. అక్కడ ఫోను సిగ్నల్ అందదు. ఫలితం తెలిసేసరికే గడువు దాటుతుంది. లెక్కల్లో 35 మార్కులు రాలేదన్న ఒక్క కారణంతో పదేళ్ల చదువు అటకెక్కుతుంది.

మూడో మజిలీ: ఇంటర్‌లో చేరడం

పది పాసైన పిల్లను ఏ సంస్థా వెంటాడి అడగని రోజులు మే, జూన్, జూలై. పాత బడి జాబితాలో ఆమె పేరు ముగిసింది. కొత్త కాలేజీ జాబితాలో ఇంకా ఎక్కలేదు. ఆమె ఎక్కడుందో అడగవలసిన బాధ్యత ఎవరికీ లేదు. ఈ మూడు నెలల్లోనే ఆడపిల్లకు పెళ్లి సంబంధం వస్తుంది. మగపిల్లవాడికి విశాఖపట్నం నుంచో, అంతకంటే దూరం నుంచో కూలి పనికి పిలుపు వస్తుంది.

ఈ ఖాళీ లేకుండా చేసిన చోట్ల మేలు జరుగుతోంది. ఏకలవ్య పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండు దాకా ఒకే ఆవరణలో చదువు సాగుతుంది. 2004లో ఆడపిల్లల కోసం మొదలైన కస్తూర్బా విద్యాలయాలను ఇంటర్ దాకా పొడిగించే వీలు 2018లో కలిగింది. ఒక మజిలీ తగ్గితే ఒక జారుడు తగ్గినట్టే. కనుక ఆరో తరగతిలో చేర్చేటప్పుడే, ఈ బడి ఎంతదాకా ఉంది అని అడగమని తల్లిదండ్రులకు మనం చెప్పాలి.

నాలుగో మజిలీ: డిగ్రీ సీటు

అరకులోయలో, పాడేరులో, చింతపల్లిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. కోరుకున్న కోర్సు అక్కడ దొరకని వారు కొండ దిగి శృంగవరపుకోట, చోడవరం, అనకాపల్లి, నర్సీపట్నం, విశాఖ వెళ్తారు. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో మొదలైంది. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. తలుపులు లేవని ఇక అనలేం. తలుపు దాకా చేరడమే కష్టం.

2020 నుంచి రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. దరఖాస్తుకు ఒక ఫోను నంబరు ఇవ్వాలి, దానికి ఓటీపీ వస్తుంది. చాలామంది పిల్లలు సంతలోని నెట్ సెంటరు అతని నంబరో, దూరపు బంధువు నంబరో ఇస్తారు. సీటు వచ్చిందన్న కబురు ఆ ఫోనుకే పోతుంది. ఇక కాగితాల మాట. బడి రికార్డులో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంటుంది. కిల్లో, కొర్రా, పాంగి, వంతల, గెమ్మెలి వంటి ఇంటిపేర్లను రాసేవారు తమకు తోచినట్టు రాశారు. ఒక్క దీర్ఘం తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. దిద్దించుకోవడానికి మండల కేంద్రం చుట్టూ నాలుగుసార్లు తిరగాలి. పిల్లవాడు అయిదో తరగతిలో ఉన్నప్పుడే ఈ తేడా సరిచేసుకుంటే ఈ తిరుగుడు ఉండదు.

అయిదో మజిలీ: పట్టా దాకా నిలవడం

ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు. ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు. 2021–22 నుంచి డిగ్రీ కళాశాలలన్నీ ఇంగ్లీషు మీడియంలో నడవాలని ప్రభుత్వం నిర్ణయించింది. మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు తప్పుతాయి. రెండో సెమిస్టరులో పాతవి రెండు, కొత్తవి రెండు కలిసి నాలుగవుతాయి. హాస్టల్ ఖర్చుకు స్కాలర్‌షిప్ సకాలంలో రాకపోతే పిల్లవాడు పట్నంలో రాత్రిపూట పనికి కుదురుతాడు. పగలు తరగతిలో నిద్రపోతాడు. చివరకు ఒకటి రెండు పేపర్లు మిగిలిపోయి ఇంటికి వచ్చేస్తాడు. ఊళ్లో అడిగితే డిగ్రీ చదివాను అంటాడు. పట్టా ఉందా అని అడిగితే తల దించుకుంటాడు.

ఇలాంటి యువకులు మీ మీ గూడేల్లో ఎవరున్నారో ఒకసారి తలచుకోండి. వీరిని చదువు రానివారని అనరాదు. వీరు గమ్యానికి అతి దగ్గరగా వచ్చి ఆగినవారు. వీరిని గట్టెక్కించడానికి పట్టేది అతి తక్కువ ఖర్చు. పరీక్ష ఫీజు, నాలుగు పుస్తకాలు, ప్రయాణం ఖర్చు, వెళ్లి రాయవయ్యా అని వెన్నుతట్టే ఒక మనిషి.

చదివి ఏం చేస్తాడు?

ఈ మాట మనం ప్రతి గూడెంలోనూ వింటాం. దీనికి కారణం లేకపోలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 3వ నంబరు జీవో 2000 జనవరి 10న వచ్చింది. చదివితే మన బడిలోనే టీచరు అవుతాడు అన్న ఆశ దానివలన ప్రతి ఇంటికీ పాకింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. దానితో చాలామంది తల్లిదండ్రులు నిరుత్సాహపడ్డారు. వారి బాధను మనం తేలికగా తీసిపారేయరాదు.

అయితే కోటా పోయిన చోట చదువు అవసరం తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది. పోటీకి నిలవాలంటే పట్టా ముందు చేతిలో ఉండాలి. మన రంగాన్నే తీసుకోండి. పదో తరగతి తర్వాత శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలు వచ్చాయి. తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ డిగ్రీ ఉంది. కొండ మీద సంఘాలకు కువి, ఒరియా వచ్చిన సూపర్‌వైజరు దొరికితే పాడి ఎంత పెరుగుతుందో మనకు తెలుసు. రైతు భాషలో చెప్పిన మాట, దుబాసీతో చెప్పించిన మాట ఒకటి కావు.

లెక్కకట్టే పద్ధతి మారితే

పై దేశపు అనుభవం ఒకటి చెబుతాం. అమెరికాలో చాలాకాలం ఒక్కొక్క రాష్ట్రం హైస్కూలు పూర్తిచేసినవారి లెక్కను ఒక్కొక్క విధంగా కట్టుకునేది. మధ్యలో మానేసినవారు కనబడేవారు కారు. 2008లో కేంద్ర ప్రభుత్వం అందరికీ ఒకే పద్ధతి విధించింది. తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలను పేరుపేరునా గుర్తుపెట్టుకొని, నాలుగేళ్ల తర్వాత వారిలో ఎందరు పట్టా పుచ్చుకున్నారో చెప్పాలి. అలా 2010–11లో లెక్కకడితే దేశం మొత్తం మీద 79 శాతం, అక్కడి ఆదివాసులైన అమెరికన్ ఇండియన్ పిల్లలలో 65 శాతం అని తేలింది. 2018–19 నాటికి అవి 86, 74 అయ్యాయి. ఆదివాసుల వెనుకబాటు పూర్తిగా పోలేదు. కానీ ఎంతమంది ఎక్కడ ఆగుతున్నారో బయటపడింది, బయటపడ్డాక దాచడం కుదరలేదు.

మన దేశంలో కూడా 2022–23 నుంచి పాఠశాలల సమాచారాన్ని పిల్లవాడి పేరు వారీగా సేకరిస్తున్నారు. ప్రతి విద్యార్థికి శాశ్వత నంబరు ఒకటి ఇస్తున్నారు. ఇది మంచి మార్పు. అయితే పిల్లవాడు రాలేదని నంబరు చెప్పగలదు గాని, ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదమ్మా అని అడగలేదు. ఆ పని ఊళ్లో మనిషి చేయాలి. రోజుకు రెండుసార్లు ఊరంతా వచ్చి పోయే చోటు పాల కేంద్రమే కదా!

మన సంఘాలు చేయగల పనులు

మా సూచనలు అయిదు. ఇందులో పెద్ద ఖర్చుతో కూడినది ఏదీ లేదు.

ఒకటి. ప్రతి సంఘం ఒక చదువు రిజిస్టరు పెట్టాలి. పరిధిలోని ఇళ్లలో అయిదో తరగతి మొదలు డిగ్రీ దాకా చదువుతున్న ప్రతి పిల్లవాడి పేరు, బడి, తరగతి, ఇంట్లో మాట్లాడే భాష, సరైన ఫోను నంబరు అందులో రాయాలి. జూన్ చివర, దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి సెలవుల తర్వాత మూడుసార్లు సరిచూడాలి. రావలసిన పిల్లవాడు బడికి చేరకపోతే వారంలోగా ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. సంఘంలో పాలు పోయని ఇళ్ల పిల్లలను కూడా తప్పక చేర్చాలి. ఆవు పాలు దూడకే అన్న ఆచారం పాటించే గూడేలు కొండ మీద ఉన్నాయి. వాళ్లు మనకు పాలు పోయలేదని వాళ్ల బిడ్డను మన లెక్కలోంచి తీసివేయరాదు.

రెండు. పాల ధరలు రాసే బోర్డు పక్కనే ముఖ్యమైన తేదీలు రాయాలి. ప్రవేశాల గడువు, సప్లిమెంటరీ ఫీజు గడువు, స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు. చదవలేని వారికి పాలు పోసేటప్పుడు నోటితో చెప్పాలి.

మూడు. పరీక్ష ఫీజుకు, ప్రయాణానికి చిన్న బదులు ఇవ్వాలి. నిబంధనావళి అనుమతించిన మేరకు కామన్ గుడ్ ఫండు నుంచి మహాజనసభ తీర్మానంతో కొంత మొత్తం వేరుగా ఉంచవచ్చు. పాల బిల్లులో తిరిగి పట్టుకోవాలంటే సభ్యుని లిఖితపూర్వక అంగీకారం ఉండాలి. అడగకుండా బిల్లు కోసే పద్ధతి పనికిరాదు.

నాలుగు. ఇది దిగువ సంఘాలకు మా ప్రత్యేక విజ్ఞప్తి. శృంగవరపుకోట, మాడుగుల, చోడవరం, నర్సీపట్నం వైపు సంఘాల పరిధిలో కొండ పిల్లలు కాలేజీలో చదువుతున్నారు. జ్వరం వస్తే ఎవరికి చెప్పాలో వారికి తెలియదు. పై సంఘం నుంచి పేరు అందగానే కింది సంఘం ఆ విద్యార్థిని కలుసుకోవాలి. నెలకొకసారి పలకరించాలి. సంఘ సభ్యుల్లో ఒక కుటుంబం అండగా ఉంటే ఆ బిడ్డకు ఊరు కాని ఊళ్లో ఒక పెద్దమ్మ, ఒక పెదనాన్న దొరికినట్టే. డబ్బుతో పని లేని సాయం ఇది.

అయిదు. వార్షిక మహాజనసభలో పాల సేకరణ, లాభనష్టాల తర్వాత ఒక చిన్న అంశం ఉండాలి. మన పరిధిలో ఆరో తరగతిలో చేరిన పిల్లలు ఇంతమంది, వారిలో పది పాసైనవారు ఇంతమంది, ఇంటర్‌లో చేరినవారు ఇంతమంది, పట్టా పుచ్చుకున్నవారు ఇంతమంది అని అంకెలు చదవాలి. పేర్లు చదవరాదు. మధ్యలో ఆగిన పిల్లను నలుగురిలో చిన్నబుచ్చడం మన ఉద్దేశం కాదు. ఆ పిల్ల ఆగిన మజిలీ ఏదో తెలుసుకొని, వచ్చే ఏడు అక్కడ ఒక మనిషిని నిలబెట్టడమే మన ఉద్దేశం.

ముగింపు

ఈ పని వలన ఉపాధ్యాయుల బాధ్యత, ప్రభుత్వ బాధ్యత తగ్గుతుందని ఎవరూ అనుకోవద్దు. ఖాళీ పోస్టులు నింపాలి, హాస్టళ్లు పెంచాలి, స్కాలర్‌షిప్పులు వేళకు ఇవ్వాలి. అవి అడగవలసిందే. మన చేతిలో పేరుపేరునా లెక్క ఉంటే ఆ అడిగే మాటకు బలం వస్తుంది. మా పిల్లలు చదువు మానేస్తున్నారు అంటే అధికారి తల ఊపి ఊరుకుంటారు. ఫలానా ఊళ్లలో పది పాసైన ఇంతమందికి హాస్టల్ సీటు దొరకలేదు, వారి జాబితా ఇదిగో అంటే జవాబు చెప్పవలసి వస్తుంది.

ఇక్కడి నుంచి వెళ్లగానే ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో ఈ ఏడు అయిదో తరగతి చదువుతున్న పిల్లల పేర్లు రాయండి. జూన్‌లో బళ్లు తెరిచిన రెండు వారాలకు ఆ పేర్ల ఎదురుగా ఎవరెవరు ఏ బడిలో చేరారో రాయండి. ఖాళీగా మిగిలిన గడి ఎవరిదో చూసి ఆ ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లండి. ఏం జరిగిందో మాకు రాయండి. వచ్చిన ఉత్తరాలను ఈ పత్రికలో తోటి సంఘాలకు తెలియజేస్తాం.